చీమల జాబితా రాసిన నెల్లూరు డాక్టరు

కలివికోడి పేరు మీరు వినే ఉంటారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన ఆ పక్షిని ఇంగ్లిషులో 'జెర్డాన్స్ కోర్సర్' అంటారు. ఆ జెర్డాన్ ఎవరని మీ పిల్లలు అడిగితే పక్షులతో పాటు చీమల సంగతీ చెప్పండి.

థామస్ జెర్డాన్ 1811లో ఇంగ్లండులో పుట్టారు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చి, నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశారు. పేరు తెచ్చింది పక్షులే అయినా, 1851లో దక్షిణ భారతదేశపు చీమల జాబితా ప్రచురించారు. చెట్ల మీద తిరుగుతూ కుట్టి ఏడిపించే ఎరుపు నలుపు చీమ, పొడవాటి దవడలతో ఎగిరి దూకే చీమ శాస్త్రానికి పరిచయమైంది అందులోనే.

కొన్నిటిని ఆయన 'ఫార్మికా' ప్రజాతిలో చేర్చారు. అప్పట్లో చాలా చీమలు అందులోకే వెళ్లేవి లెండి. తర్వాతివారు వాటిని 'కాంపోనోటస్'కు మార్చారు. మన గండుచీమలదీ అదే ప్రజాతి, అందులో వెయ్యికి పైగా జాతులున్నాయి.

చిక్కేమిటంటే, ఆయన పట్టిన చీమలు ఈనాడు ఏ మ్యూజియంలోనూ ఉన్నట్టు తెలియదు. రంగు, పొడవు, గూడు గురించి రాసిన మాటలే మిగిలాయి. పరిశోధకులు వాటినే చదివి పోల్చుకోవాలి.

జెర్డాన్ 1872లో కన్నుమూశారు. ఆ చీమల పేర్ల పక్కన ఇప్పటికీ 'జెర్డాన్, 1851' అని రాస్తారు. ప్రజాతి మారిన చోట అది బ్రాకెట్లో ఉంటుంది.