వైద్యాన్ని తూచి చూచిన హకీము – అర్రాజీ

మందులు చెప్పేవారికి ఏ కాలంలోనూ కరువు లేదు. పంటిపోటు వస్తే ఒకరు లవంగం పెట్టుకొమ్మంటారు, మరొకరు పన్ను పీకించుకొమ్మంటారు. కళ్ళకలకకు ఒకరు పసరు చెబితే ఇంకొకరు కాటుక చెబుతారు. వీటిలో ఏది మేలైనది? చెప్పినవారి పెద్దరికాన్ని చూచి నమ్మవలెనా, రోగి కోలుకొన్న తీరును చూచి నమ్మవలెనా? వెయ్యేళ్ళకు పూర్వమే ఈ ప్రశ్నను వైద్యశాలలోనికి తీసుకొని వెళ్ళిన మహనీయుడు అబూబకర్ ముహమ్మద్ ఇబ్న్ జకరియ్యా అర్రాజీ. ఐరోపా పండితులు ఆయనను రేజెస్ అని పిలిచారు.

అర్రాజీ సుమారు 865లో, నేటి టెహరాన్ నగరానికి చెంతనున్న రయ్ పట్టణంలో జన్మించాడు. యౌవనంలో ఆయన మనస్సు సంగీతం మీద, రసవాదం మీద లగ్నమై ఉండేది. రసవాదపు కొలిమి వేడికి, ఘాటైన ఆవిరులకు ఆయన కళ్ళు దెబ్బతిన్నాయని అల్‌బిరూనీ వ్రాశాడు. తరువాత వైద్యం అభ్యసించి, రయ్‌లోను బాగ్దాదులోను వైద్యశాలలకు అధిపతి అయ్యాడు. రయ్ పాలకుడైన మన్సూర్ ఇబ్న్ ఇసహాక్ పేర కితాబుల్ మన్సూరీ రచించాడు. మశూచికి, తట్టుకు గల భేదాన్ని ఒక ప్రత్యేక గ్రంథంలో విశదంగా వివరించాడు.

ఆయనను గురించి ఒక కథ ప్రచారంలో ఉన్నది. బాగ్దాదులో వైద్యశాలకు స్థలం ఎన్నుకొనవలసి వచ్చినప్పుడు ఆయన నగరంలో పలుచోట్ల మాంసపు ముక్కలు వ్రేలాడదీయించి, అన్నింటికంటె ఆలస్యంగా కుళ్ళిన చోటు ఆరోగ్యకరమని నిర్ణయించాడట. అయితే ఈ కథలోని అదుదీ వైద్యశాల వెలసింది 981లో, అంటే ఆయన గతించిన తరువాత. కనుక దీనిని చరిత్రగా మేము చెప్పడం లేదు. కాని కథలు కూడా ఊరకనే పుట్టవు. పక్కపక్కన పెట్టి పోల్చిచూచే స్వభావం ఆయనకు ఉన్నదని లోకం ఎరిగి ఉండబట్టే ఈ కథ ఆయనకు అంటుకొన్నది.

ఆ స్వభావానికి సాక్ష్యం ఆయన వ్రాతలలోనే ఉన్నది. తలలోను మెడలోను నొప్పి, బరువు రోజుల తరబడి వదలక, కళ్ళు వెలుతురును సహించక, నిద్ర పట్టక బాధపడే రోగులకు మెదడు పొరల వాపు రాగలదని ఆయన గుర్తించాడు. దానిని సర్సామ్ అంటారు. అటువంటి రోగులలో ఒక వర్గానికి రక్తమోక్షణం చేశాడు. మరొక వర్గానికి కావాలనే చేయక విడిచిపెట్టాడు. చికిత్స లేనివారందరికీ సర్సామ్ వచ్చిందని, రక్తం తీసినవారు రక్షింపబడ్డారని వ్రాసుకొన్నాడు.

ఇక్కడ మనం ఒక క్షణం ఆగి ఆలోచించాలి. రక్తమోక్షణం ఆ వ్యాధిని మాన్పదని నేటి వైద్యం నిస్సందేహంగా చెబుతున్నది. మరి అర్రాజీ పొరబడిందెక్కడ? ఎవరిని ఏ వర్గంలో చేర్చాలో వైద్యుడే నిర్ణయిస్తే, తెలిసో తెలియకో కోలుకొనగల రోగులు ఒక పక్కకు చేరవచ్చును. ఈ లోపాన్ని సవరించడానికి చాలా కాలం పట్టింది. 1835లో పారిస్ నగరంలో పియర్ లూయీ రోగులను లెక్కకట్టి, రక్తమోక్షణం వలన ప్రయోజనం అత్యల్పమని చూపించాడు. 1948లో ఇంగ్లండులో వెలువడిన స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో, ఏ క్షయరోగికి ఆ మందు ఇవ్వాలో వైద్యుని ఇష్టానికి వదలక యాదృచ్ఛికంగా నిర్ణయించారు. అర్రాజీ జవాబు తప్పు. ఆయన వేసిన ప్రశ్న ఒప్పు. ఆ ప్రశ్ననే మరింత నిష్ఠతో మళ్ళీ వేసినందువల్లనే ఆ జవాబులోని తప్పు బయటపడింది. చికిత్స లేక మిగిలినవారి మాట ఏమిటని అడిగే హక్కు కూడా మనకున్నది. నేడు రోగి అంగీకారం లేనిదే అటువంటి పరీక్ష చేయరాదని ధర్మం ఏర్పడింది.

ఆయన కాలమంతటా వ్రాసుకొన్న విషయాలను మరణానంతరం క్రోడీకరించగా అల్‌హావీ అనే మహాగ్రంథమైంది. ఒక్కొక్క వ్యాధి క్రింద యవన, సిరియా, అరబ్బు వైద్యుల మతాలు, మన చరక సుశ్రుతుల మతాలు పక్కపక్కనే ఉంచి, చివర తన అనుభవాన్ని చేర్చడం అందులోని పద్ధతి. 1279లో ఇది లాటిను భాషలోనికి వెళ్ళింది. దీని అరబ్బీ మూలాన్ని 1955 నుండి 23 భాగాలుగా ముద్రించిన ఘనత మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థది. అందులో రెండవ భాగం నేత్రవ్యాధులకు, మూడవది చెవి, ముక్కు, దంత వ్యాధులకు కేటాయింపబడినవి. పుచ్చిన పన్నును పటిక, మస్తకి కలిపిన ముద్దతో పూడ్చే విధానం ఆయన పేర ప్రసిద్ధమైనది. కంటి శుక్లాన్ని గురించి యవన వైద్యుడు ఆంటిల్లస్ చెప్పిన మాటలు మనకు దక్కింది కూడా ఈ గ్రంథం వల్లనే.

గురువుల పట్ల ఆయనకు భక్తి ఉన్నది, దాస్యం లేదు. జాలీనూసు అని మనవారు పిలిచే గేలన్ మీద తన సందేహాలను ఒక గ్రంథంగానే వ్రాశాడు. వెలుతురులో కంటిపాప ముడుచుకొని, చీకటిలో విప్పారడానికి గల కారణాన్ని చర్చిస్తూ మరొక రచన చేశాడు.

కంటిని అంతగా పరిశీలించిన ఆ మహావైద్యునికి తుదిదశలో శుక్లాలు కమ్మి చూపు పోయింది. శస్త్రచికిత్సకు వచ్చిన వైద్యుని, కంటిలో పొరలెన్ని అని ఆయన అడిగాడని, అతడు చెప్పలేకపోగా సూది తాకనీయలేదని ఒక కథనం. లోకాన్ని చూచింది చాలునని వద్దన్నాడని మరొక కథనం. 925లో రయ్‌లోనే కన్నుమూశాడు.

విద్యార్థులారా, మనలో రేపు వైద్యులయ్యేవారు కొందరే. మందు పుచ్చుకొనేవారు అందరూ. ఏ మందునైనా, ఏ మాటనైనా దేనితో పోల్చి చూచి మేలన్నారని అడగడం అవిధేయత కాదు. అర్రాజీ మనకు విడిచిపోయిన విద్య అదే.