విలియం రాబిన్సన్

రైలుబండి యెంత వేగముగ పరుగెత్తగలదో అంత త్వరగ నిలువజాలదు. వందల టన్నుల బరువుగల బండి, బ్రేకు వేసిన పిదపను చాల దూరము సాగిపోవును. ముందున్న బండి డ్రైవరు కంటబడునప్పటికి సమయము మించిపోవును. కావున ముందుదారి ఖాళీగ నున్నదో లేదో దూరముననే తెలుపు సాధనము కావలెను. అదియే సిగ్నలు. మనుష్యుని సాయము లేకయే సత్యమును చెప్పుట ఆ సిగ్నలునకు నేర్పినవాడు విలియం రాబిన్సన్.

రాబిన్సన్ 1840లో ఐర్లండు దేశమున జన్మించెను. అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయమున 1865లో పట్టభద్రుడయ్యెను. ఆ కాలమున అమెరికాలో ఇనుపదారులు శీఘ్రముగ విస్తరించుచుండెను; వానితోపాటు ప్రమాదములును హెచ్చుచుండెను. స్టేషను ఉద్యోగులు తంతివార్తల మూలమున బండ్ల రాకపోకలను తెలిసికొని నడపుచుండిరి. ఒకని మరపు, ఒకని నిద్రమత్తు, ఒక తప్పువార్త చాలును. రెండు బండ్లు ఢీకొనును. ఈ దుస్థితిని తొలగింప రాబిన్సన్ పూనుకొనెను.

1870లో అతడొక యంత్రమును నిర్మించి, పెన్సిల్వేనియా రాష్ట్రములోని కింజువా యను చోట రైలుదారిపై నెలకొల్పెను. బండి చక్రములు దారియందలి మీటను నొక్కగానే విద్యుత్తు ప్రవహించి సిగ్నలు ప్రమాదమును సూచించును. బండి ఆ భాగమును దాటి మరియొక మీటను నొక్కగా, దారి ఖాళీ యని చూపును. యంత్రము చక్కగనే పనిచేసెను. మరియొకడైనచో అంతటితో తృప్తి చెందియుండెడివాడు.

రాబిన్సన్ అట్లు చేయలేదు. తన యంత్రమునందలి లోపములను తానే వెదకెను. బండి నడుమ తెగి కొన్ని పెట్టెలు వెనుక నిలిచిపోయినచో నేమగును? ముందుభాగము రెండవ మీటను నొక్కగానే సిగ్నలు దారి ఖాళీ యని చెప్పును. ప్రక్కదారినుండి ఒక పెట్టె దొర్లివచ్చి ప్రధానమార్గముపై నిలిచినచో? సిగ్నలు దాని నెరుగదు. తీగ తెగినచో? విద్యుత్తు లేదు గనుక ప్రమాదసూచనయు నుండదు. సిగ్నలు లేని దారిపై డ్రైవరు జాగరూకుడై యుండును; అబద్ధమాడు సిగ్నలును నమ్మినవాడు నిర్భయముగ మృత్యుముఖమున కేగును.

అందువలన అతడు తన పద్ధతిని తలక్రిందులు గావించెను. దారిని భాగములుగ విభజించి, ఒక భాగమునందలి పట్టాలనుండి ప్రక్కభాగపు పట్టాలకు విద్యుత్తు పోకుండ అడ్డు కల్పించెను. ప్రతి భాగమునకు ఒక కొనను బ్యాటరీని, రెండవ కొనను విద్యుదయస్కాంతమును అమర్చెను. విద్యుత్తు పట్టాలవెంట నిరంతరము ప్రవహించి ఆ అయస్కాంతమును చేరుచున్నంతవరకే దారి ఖాళీ యని సిగ్నలు చూపును. ఒక్క పెట్టె ఆ భాగమున ప్రవేశించినను, దాని చక్రములును ఇరుసులును రెండు పట్టాలను కలుపును. విద్యుత్తు ఆ అడ్డదారిని మరలిపోవును. అయస్కాంతము శక్తి కోల్పోవును. సిగ్నలు ప్రమాదమును చూపును. పట్టా విరిగి ప్రవాహము తెగినను, తీగ తెగినను, బ్యాటరీ నశించినను ఫలితమిదియే. యంత్రము చెడినచో బండి నిలుచును గాని ప్రాణములు పోవు. 1872 ఆగస్టు 20వ తేదీన ఈ నిర్మాణమునకు అమెరికాలో పేటెంటు లభించెను.

1881లో ప్రసిద్ధుడగు జార్జి వెస్టింగ్‌హౌస్ స్థాపించిన సంస్థకు రాబిన్సన్ కంపెనీ హక్కులు సంక్రమించెను. ఆ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించెను. రాబిన్సన్ 1921లో మరణించెను.

నందికొట్కూరు బాలురు రైలెక్కవలెనన్న కర్నూలునకో నంద్యాలకో పోవలెను. అచ్చట ఎఱ్ఱదీపము చూచి బండి నిలిచినపుడు విసుగుకొనువారు పెక్కుమంది. ఆ నిలుపుదల వెనుక నున్న న్యాయము రాబిన్సన్ చూపినదే. నేడు కొన్నిచోట్ల ఇరుసులను లెక్కించు యంత్రములును వచ్చినవి. సందేహము కలిగినచో బండిని నిలుపుమను నియమము మాత్రము మారలేదు. ఈ విద్యను రైల్వే ఉద్యోగులకు బోధించు సంస్థ 1957లో సికింద్రాబాదున నెలకొన్నది.

ఇప్పుడు కంప్యూటరుపై రైలు నడుపు ఆటలు వచ్చినవి. వానిలో మేలైనవి ఈ న్యాయమునే పాటించును. బండి దాటగానే సిగ్నలు ఎఱ్ఱబడును. తుది పెట్టె ఆ భాగమును విడిచిన పిదపనే మరల పసుపుపచ్చ, ఆకుపచ్చ వర్ణములు కనబడును. బండి నిలిచియుండగనే ఆకుపచ్చ దీపము వెలిగినచో ఆ ఆట వాస్తవమునకు దూరమైనది.

పనిచేయుచున్న యంత్రమును చూచి మురిసిపోక, అది చెడిననాడు ఎవరి ప్రాణముల మీదికి వచ్చునో యని ముందుగ యోచించుటయే రాబిన్సన్ గొప్పతనము.