ఆకాశాన్ని ముందుగా గీసిన చిత్రకారుడు – ఆల్‌ఫ్రెడ్ సిస్లీ

నదులను, చెట్లను, మేఘాలను చిత్రించిన కళాకారులు లోకంలో ఎందరో ఉన్నారు. కాని జీవితమంతా వాటిని తప్ప దాదాపు మరి దేనినీ గీయక, దారిద్ర్యం పీడించినా ఆ మార్గం విడువనివారు అరుదు. అట్టి అరుదైన వారిలో ఆల్‌ఫ్రెడ్ సిస్లీ ఒకడు. ఫ్రాన్సు దేశపు పల్లెసీమల అందాన్ని అతడు సుమారు 900 తైలవర్ణ చిత్రాలలో నిలిపాడు. అయినను ఆ దేశపు పౌరుడనిపించుకొనే భాగ్యం అతనికి కడవరకు దక్కలేదు.

సిస్లీ 1839 అక్టోబరు 30వ తేదీన పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు ఆంగ్లేయులు. తండ్రి విలియం సిస్లీ పట్టు వ్యాపారం చేస్తూ పారిస్‌లో స్థిరపడ్డాడు. కుమారుడు కూడా వర్తకంలో ప్రవేశించాలని కోరి, 1857లో అతనిని లండన్‌కు పంపించాడు. ఆ యువకుని మనస్సు లెక్కల పుస్తకాలపై నిలువలేదు. చిత్రకళ వైపే మొగ్గింది. తిరిగి పారిస్ చేరి, 1862లో గ్లేర్ అనే చిత్రకారుని శిక్షణాలయంలో విద్యార్థిగా చేరాడు. అక్కడే మోనే, రెన్వార్, బాజీల్ అతనికి సహాధ్యాయులయ్యారు. ఈ నలుగురు మిత్రులు అచిరకాలంలోనే గది గోడలను వీడి, ఫోంతెన్‌బ్లో అడవిలో చెట్ల నీడన చిత్రఫలకాలు నిలిపి రంగులు కలపసాగారు.

ఈ మార్పు చిన్నది కాదు. అంతకు పూర్వం చిత్రకారులు ఆరుబయట చిత్తుగా గీసుకొని, ఇంటికి వచ్చి నెలల తరబడి మెరుగులు దిద్దేవారు. గొట్టాలలో నింపిన రంగులు 1841 తరువాత వాడుకలోకి రావడంతో, సామగ్రి అంతా భుజాన వేసుకొని నది ఒడ్డుకు నడచి వెళ్ళడం సులభమైంది. కాని వెలుగు ఎవరి కోసమూ ఆగదు. ఘడియకొక రంగు మారే నీటిని, మంచును పట్టుకొనాలంటే కుంచె త్వరగా కదలాలి. అందుచేత వీరు చిన్న చిన్న గీతలతో, పక్కపక్కనే విడి రంగులు ఉంచుతూ చిత్రించారు. నీడ అంటే నలుపు కాదని, మంచుపై పడిన నీడ నీలిగా కూడ ఉంటుందని చూపించారు. సిస్లీ పద్ధతిలో మరొక విశేషం ఉంది. అతడు చిత్రాన్ని ఆకాశంతో ప్రారంభించేవాడు. ఆకాశం చిత్రానికి వెనుక వ్రేలాడే తెర వంటిది కాదనీ, దృశ్యానికంతటికీ లోతునూ కదలికనూ ఇచ్చేది అదేననీ అతని విశ్వాసం.

మొదట తండ్రి పంపే ధనంతో అతనికి లోటు లేకుండా గడిచింది. 1870లో ఫ్రాన్సు, ప్రష్యా దేశాల మధ్య యుద్ధం వచ్చి ఆ నిశ్చింతను హరించింది. తండ్రి వ్యాపారం కుప్పకూలింది. మిత్రుడు బాజీల్ రణరంగంలో నేలకొరిగాడు. అప్పటికే సహచరి యూజెనీ, ఇద్దరు బిడ్డల పోషణభారం సిస్లీపై ఉంది. నాటి నుండి కుంచె ఒక్కటే అతనికి జీవనాధారం.

1874లో మిత్రబృందం పారిస్‌లో సొంతంగా ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఒక విమర్శకుడు ఎగతాళిగా పెట్టిన ఇంప్రెషనిస్టులు అన్న పేరే తరువాత వారికి గౌరవనామమైంది. సిస్లీ చిత్రాలు ఆ ప్రదర్శనలో ఉన్నాయి. కాని మరుసటి ఏడు జరిగిన వేలంలో జనం హేళన చేయగా, చిత్రాలు అతి తక్కువ ధరలకు పోయాయి.

1876లో సేన్ నది పొంగి పోర్ మార్లీ గ్రామాన్ని ముంచెత్తింది. సిస్లీ అక్కడ నిలిచి వరుసగా అనేక చిత్రాలు గీశాడు. వాటిలో ఆర్తనాదాలు లేవు, పారిపోయే జనం లేరు. నీటి నడుమ నిలిచిన ఒక ద్రాక్షసారా అంగడి, రెండు మూడు పడవలు, పైన మేఘాలు, క్రింద వాటి ప్రతిబింబం, అంతే. విపత్తును ఇంత శాంతంగా చూసిన కన్ను మరొకటి కానరాదు. వాటిలో ఒక చిత్రాన్ని అతడు 180 ఫ్రాంకులకు అమ్ముకొన్నాడు.

అద్దెలు తక్కువగా ఉండే చోటు వెతుక్కుంటూ 1880లో ల్వాన్ నదీతీరంలోని మొరే పట్టణ ప్రాంతానికి చేరాడు. ఆ వంతెన, మరలు, పోప్లార్ చెట్లు, పాత చర్చి అతని శేషజీవితానికి తోడయ్యాయి. 1893, 1894 సంవత్సరాలలో ఆ చర్చినొక్కదాన్నే వానలో, ఎండలో, మంచులో పదికి పైగా చిత్రాలలో చూపించాడు. మోనే, రెన్వార్ కీర్తి పెరుగుతున్న ఆ కాలంలో సిస్లీని పలకరించేవారు తగ్గిపోయారు. 1897లో పారిస్‌లో అతని చిత్రాలు దాదాపు 150 ఒక్కచోట ప్రదర్శించినా కొన్నవారు దాదాపు లేరు. ఆ వేసవిలోనే వేల్స్‌కు వెళ్ళి, కార్డిఫ్ నగరంలో యూజెనీని చట్టప్రకారం వివాహమాడాడు.

తాను పుట్టి పెరిగిన ఫ్రాన్సులో పౌరసత్వం కోరుతూ 1898లో దరఖాస్తు పెట్టుకొన్నాడు. ప్రభుత్వం నిరాకరించింది. ఇంతలో వ్యాధి ముదిరింది. ఆ సంవత్సరం అక్టోబరులో యూజెనీ మరణించింది. 1899 జనవరి 29న గొంతు క్యాన్సర్‌తో సిస్లీ కన్నుమూశాడు. అంత్యకాలంలో మోనేను పిలిపించుకొని తన బిడ్డలను అతనికి అప్పగించాడు. మోనే ఆ మాట నిలుపుకొని, వారి సహాయార్థం అదే ఏట చిత్రాల అమ్మకం జరిపించాడు.

మరుసటి ఏడాది, 1900లో, 180 ఫ్రాంకులకు పోయిన ఆ వరద చిత్రం 43,000 ఫ్రాంకులు పలికింది. నేడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

ఇంటి భాష ఒకటి, చుట్టూ ఉన్న ఊరి భాష మరొకటిగా పెరిగిన మన పాఠశాల విద్యార్థులకు సిస్లీ కథ పరాయిదిగా తోచదు. ఏ కాగితమూ అతనిని ఫ్రెంచివాడని అనలేదు. అయినా మొరే నదీతీరాన్ని దాదాపు ఇరవై ఏళ్ళపాటు ప్రతి ఋతువులోనూ అంత శ్రద్ధగా చూసినవారు ఆ ఊరిలో పుట్టినవారిలోనైనా ఎందరున్నారు? విద్యార్థులు తమ ఊరి చెరువునో ఏటినో ఒక సాయంత్రం తీరికగా చూడవలెననీ, ముందుగా దాని పైనున్న ఆకాశాన్ని చూడవలెననీ మా కోరిక.