యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) ప్రపంచ ప్రసిద్ధి గాంచిన తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త.

జననం, విద్య

ఈయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుకున్నాడు. ఆ రోజుల్లోనే ఇద్దరు సోదరులు స్ప్రూ (సంగ్రహణి) వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఆహారంలోని పోషకాలను పేగులు గ్రహించలేకపోవడం ఈ వ్యాధి లక్షణం. అప్పట్లో దీనికి సరైన మందు లేదు.

పరిశోధనలు

1922లో మామగారి ఆర్థిక సహాయంతో అమెరికా వెళ్ళి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలసి, రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించాడు. రక్తంలోని ఫాస్ఫటేజ్ ఎంజైము స్థాయిని కొలిచి ఎముకల, కాలేయ వ్యాధులను గుర్తించడానికి కూడా ఈ పద్ధతి తోడ్పడింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని ఈ కృషిలో భాగంగానే గుర్తించారు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. 1945లో ఈయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు, ఒక రకమైన రక్తహీనతకు అది ఔషధమైంది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా ఈ ప్రయోగశాల నుండే వెలువడింది.

మరణం

1948 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో మరణించాడు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఈయన స్మారక స్టాంపును విడుదల చేసింది.