పొగాకును నమ్ముకొన్న జాన్ రాల్ఫ్

గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులకు వర్జీనియా పొగాకు చిరపరిచితమైన పంట. ఆ పేరు ఉత్తర అమెరికాలోని వర్జీనియా ప్రాంతము నుండి వచ్చినది. అచ్చట ఆ పంటను వాణిజ్యముగ నిలిపినవాడు జాన్ రాల్ఫ్ అను ఆంగ్లేయుడు.

రాల్ఫ్ 1585లో ఇంగ్లండునందలి నార్ఫోక్ సీమలో హీచమ్ గ్రామమున జన్మించెను. 1609లో భార్యతో కూడ సీ వెంచర్ అను ఓడనెక్కి వర్జీనియాకు పయనమయ్యెను. ఓడ తుపానులో చిక్కి బెర్ముడా దీవుల చెంత బ్రద్దలయ్యెను. అచ్చట జన్మించిన ఆడుశిశువు అచ్చటనే కన్నుమూసెను. ప్రయాణికులు పగిలిన ఓడ సామగ్రితోను, దీవిలోని కలపతోను రెండు చిన్న ఓడలు కట్టుకొని 1610 మే నెలలో జేమ్స్‌టౌన్ చేరిరి. ఆకలిచే అలమటించిన ఆ స్థావరమున సుమారు 60 మంది మాత్రమే మిగిలియుండిరి. కొలది కాలమునకే రాల్ఫ్ భార్యయు మరణించెను.

1607లో వెలసిన జేమ్స్‌టౌన్ నుండి లండనులోని వర్జీనియా కంపెనీ బంగారము నాశించెను, అది దొరకలేదు. గాజు తయారియు నిలువలేదు. అమ్ముకొనదగిన సరుకు లేనిచో స్థావరమునకు మనుగడ లేదు.

స్థానిక ప్రజలు తరతరములుగ పొగాకు పండించుచుండిరి. కాని ఆ ఆకు మిక్కిలి ఘాటైనది. లండనువారు మెచ్చినది స్పెయిన్ వలసల నుండి వచ్చు మెత్తని ఆకు. రాల్ఫ్ ఆ జాతి విత్తనములను సంపాదించి 1612 ప్రాంతమున సాగు ప్రారంభించెను.

పొగాకు సాగు ఓర్పుతో కూడిన పని. విత్తనము ధూళివలె సన్నము. నారు పోసి, లేత మొక్కలను నాటవలెను. పూమొగ్గ కనబడగనే తల త్రుంచి, పిలకలను గిల్లివేసిన గాని బలము ఆకునకు చేరదు. పండించుట ఒక యెత్తు, ఆరబెట్టుట మరియొక యెత్తు. తొలుత అచ్చటి రైతులు కోసిన ఆకును కుప్పవేసి, ఎండుగడ్డి కప్పి మగ్గబెట్టుచుండిరి. 1618 ప్రాంతమున త్రాళ్లకు వ్రేలాడగట్టు పద్ధతి వచ్చెను. గాలి సమముగ తగులుటచే ఆకు మేలుగ పదునెక్కెను.

1614 నాటికి రాల్ఫ్ ఆకు ఇంగ్లండు చేరెను. ఆ యేడే అతడు పౌహటన్ ప్రభువు కుమార్తె పోకహాంటస్‌ను వివాహమాడెను. ఇరుజాతుల నడుమ యుద్ధము కొంతకాల మాగెను. 1616లో దంపతులు బిడ్డతో ఇంగ్లండు వెళ్లిరి. మరుసటి యేడు మార్చిలో, తిరుగుప్రయాణమున, ఆమె గ్రేవ్‌సెండ్‌లో మరణించెను. చిన్నవాడైన కుమారుని ఇంగ్లండునందే విడిచి రాల్ఫ్ ఒంటరిగ మరలెను.

పొగాకును గర్హించుచు 1604లోనే గ్రంథము వ్రాసిన జేమ్సు రాజు ఏలుబడిలోనే, 1617లో వర్జీనియా నుండి 20,000 పౌనుల ఆకు ఎగుమతి అయ్యెను. జేమ్స్‌టౌన్ వీధులలో సైతము పొగాకే మొలచెను. తిండిగింజలు మరువవలదని అధికారులు శాసింపవలసివచ్చెను.

పొగాకు భూసారమును త్వరగా హరించును. పనికి పెక్కు చేతులు కావలెను. కావున స్థానికుల నేలలపై వలసదారుల దృష్టి పడెను. 1619లో 20 మందికి పైగా ఆఫ్రికనులు బందీలుగ కొనితేబడిరి. ఆ సంగతిని లేఖలో తెలిపినవాడు రాల్ఫే. 1622 మార్చి 22న స్థానికులు తిరుగబడగా 347 మంది వలసదారులు మడిసిరి. రాల్ఫ్ జీవితమును ఆ యేటనే ముగిసెను.

అతని ఓర్పు ఒక స్థావరమును ఆకలి నుండి కాపాడినది. అయితే ఆ ఆకు వెలను చెల్లించినవారు నేల కోల్పోయినవారును, స్వేచ్ఛ కోల్పోయినవారును. పంట చరిత్ర చదువు విద్యార్థి ఈ రెండు లెక్కలను కలిపియే చూడవలెను.