డ్యూరర్ గీసిన గుడ్డు గీత

ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో నేను గీసిన మొదటి ఎలిప్స్ చూసి మా బెంచీ అంతా నవ్వింది. కోన్‌ని ఏటవాలుగా కోస్తే వచ్చే ఆకారం గీయమన్నారు. నేను కింది వైపు లావుగా, పై వైపు సన్నగా అచ్చం కోడిగుడ్డు గీశాను. కోన్ కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది కదా, కోత కూడా కిందే లావుండాలి కదా అని నా లాజిక్కు. షీట్ మీద ఎర్ర ఇంకుతో పెద్ద ఇంటూ పడింది. ఆ రాత్రి హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చేసి, ఈ చదువు నావల్ల కాదు, వచ్చేస్తానని నాన్నతో చెప్పేశాను కూడా.

అప్పటికి నాకు తెలియని సంగతొకటుంది. సరిగ్గా అలాంటి గుడ్డునే 1525లో ఒకాయన తన పుస్తకంలో అచ్చేశాడు. ఆయన ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్. గీత గీయడంలో యూరప్ మొత్తానికి పేరుమోసిన చెయ్యి ఆయనది!

డ్యూరర్ 1471 మే 21న జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పుట్టాడు. తండ్రి హంగరీ నుంచి వచ్చి స్థిరపడ్డ బంగారప్పనివాడు. ఆ తల్లిదండ్రులకి 18 మంది పిల్లలు పుడితే పెద్దయ్యేదాకా బతికింది ముగ్గురే. తండ్రి కొడుక్కి తన పనే నేర్పాడు. కొడుకు మనసేమో బొమ్మల మీద. 13 ఏళ్లకే అద్దంలో చూసుకుంటూ తన బొమ్మ తనే గీసుకున్నాడు, అది ఇప్పటికీ భద్రంగా ఉంది. నేర్పిన పనంతా వృథా అయిందని తండ్రి బాధపడ్డాడు గానీ, చివరికి ఒప్పుకుని 1486లో మైఖేల్ వోల్గెముట్ అనే చిత్రకారుడి దగ్గర పనికి పెట్టాడు.

చెయ్యి బాగా తిరిగింది. కానీ ఎందుకలా గీయాలో చెప్పేవాళ్లు దొరకలేదు. ఇటలీ నుంచి వచ్చిన యాకొపో డె బార్బరి అనే చిత్రకారుడు, కొలతలతో కట్టిన మనిషి బొమ్మలు ఆయనకి చూపించాడు. పద్ధతి మాత్రం చెప్పలేదు. ఆ వెలితి డ్యూరర్‌ని చాలాకాలం వెంటాడింది. 1505లో రెండోసారి ఇటలీ వెళ్లి వెనిస్‌లో ఉన్నప్పుడు, పెర్‌స్పెక్టివ్ రహస్యం నేర్పేవాళ్లు బొలోన్యాలో ఉన్నారని తెలిసి, గుర్రమెక్కి అక్కడికి వెళ్తున్నానని ఊళ్లో ఉన్న స్నేహితుడికి ఉత్తరం రాశాడు. 1507లో ఒక బంగారు డకాట్ పెట్టి యూక్లిడ్ పుస్తకం కొన్నాడు. అది లాటిన్‌లో ఉంది, ఆయనకి లాటిన్ అంతంతమాత్రం. అయినా కొన్నాడు!

1514లో ఆయన చెక్కిన మెలంకోలియా బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో గోడ మీద నాలుగు బై నాలుగు మ్యాజిక్ స్క్వేర్ ఉంటుంది. ఏ వరస కూడినా 34. కింది వరస మధ్యలో 15, 14 పక్కపక్కనే వచ్చి ఆ ఏడాదిని చెబుతాయి. లెక్కలంటే ఆయనకి అంత ఇష్టం.

చివరికి 1525లో, తనకి ఎవరూ తేలిగ్గా చెప్పని విషయాలన్నీ కలిపి కంపాస్, స్కేలుతో కొలిచే పద్ధతి మీద పుస్తకం వేశాడు. అదీ పండితుల లాటిన్‌లో కాదు, మామూలు జర్మన్‌లో. బంగారప్పనివాళ్లు, శిల్పులు, రాళ్లు చెక్కేవాళ్లు, వడ్రంగులు చదువుకోవాలని. జర్మన్‌లో మాటల్లేకపోతే తనే పుట్టించాడు. పరావలయానికి మండించే గీత అని, అతిపరావలయానికి పంగల గీత అని పేర్లు పెట్టాడు. ఎలిప్స్‌కి పెట్టిన పేరు గుడ్డు గీత.

పేరే కాదు, బొమ్మ కూడా గుడ్డే. పద్ధతి మాత్రం మనం క్లాసులో నేర్చుకున్నదే. కోన్‌కి ప్లాన్, ఎలివేషన్ గీసి, కోత గీతని సమభాగాలు చేసి, ఒక్కో బిందువు దగ్గర వెడల్పు ప్లాన్‌లోంచి తీసుకుని పక్కన పరచడం. పద్ధతిలో తప్పు లేదు. బిందువులు కలిపే దగ్గర గీత కింద లావైంది. ఎందుకో ఊహించడం నాకైతే కష్టం కాలేదు.

ఇదేదో కోన్‌కే పరిమితం అనుకోకండి. అదే పుస్తకంలో ఒక చిత్రకారుడు ఒంటికన్నుతో గాజుపలక గుండా చూస్తూ, కనిపించింది పలక మీదే గీస్తుంటాడు. ఇప్పుడు బల్ల మీద గుండ్రటి ప్లేటు ఉందనుకోండి. కంటి నుంచి ప్లేటు అంచుకి పోయే చూపులన్నీ కలిస్తే ఒక కోన్. గాజుపలక ఆ కోన్‌ని కోసే కత్తి. అందుకే పెర్‌స్పెక్టివ్‌లో ప్లేటు ఎలిప్స్‌లా కనిపిస్తుంది.

ఇక్కడే మన బుర్ర మళ్లీ గుడ్డు పెట్టమంటుంది. ప్లేటులో దగ్గరి సగం పెద్దగా, దూరపు సగం చిన్నగా కనబడాలి కదా అని. నిజమే, అలాగే కనబడుతుంది. కానీ ఎలిప్స్‌లో అన్నిటికన్నా వెడల్పైన గీత ప్లేటు వ్యాసం కాదు, దానికన్నా కాస్త మన వైపుకి ఉంటుంది. ప్లేటు కేంద్రం ఎలిప్స్ కేంద్రం కన్నా కాస్త అవతలికి జరుగుతుంది. సగాలు సమానం కావు, అంచు మాత్రం రెండు వైపులా సమానమే. పెర్‌స్పెక్టివ్‌లో చతురస్రం గీసి కర్ణాలు కలపండి, అవి కలిసేచోటే ప్లేటు కేంద్రం. దాన్ని ఎలిప్స్ నడిమధ్యకి లాగకండి. చివరలు మొనదేలనివ్వకండి. అంతే.

డ్యూరర్ ఈ గుడ్డుని దిద్దుకోలేదు. అప్పటికే ఒంట్లో బాగాలేదు. 1520 చివర్లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన తిమింగలాన్ని చూద్దామని చలిలో జీలాండ్ దాకా వెళ్లాడు. వెళ్లేసరికి సముద్రం దాన్ని తీసుకుపోయింది. ఆ తర్వాత పట్టుకున్న జ్వరం మళ్లీ మళ్లీ తిరగబెట్టింది. 1528 ఏప్రిల్ 6న, 56 ఏళ్లకి పోయాడు. మనిషి శరీర కొలతల మీద రాసిన పుస్తకం ఆయన పోయాక అదే ఏడాది వచ్చింది. ఆ తర్వాత కెప్లర్ కూడా అంగారకుడి దారిని ముందు గుడ్డులాగే అనుకుని, కిందామీదా పడి, 1609లో ఎలిప్స్ అని అచ్చేశాడు.

బార్బరి పద్ధతి దాచుకున్నాడు కాబట్టి అందులో తప్పుందో లేదో ఎవరికీ తెలియదు. డ్యూరర్ మెట్టు మెట్టుగా బయటపెట్టాడు కాబట్టే ఆయన తప్పు మనకి దొరికింది, ఆయన చెప్పిన మెట్లతోనే.

ఫోన్లో నాన్న ఒకటే అడిగారు, మళ్లీ గీశావా అని. గీయలేదు. ఆ రాత్రే కూర్చుని పన్నెండు భాగాలు చేసి, ముందే ఏమీ అనుకోకుండా బిందువులు కలిపాను. గుడ్డు రాలేదు.

ఈసారి మెస్‌లో ప్లేటు ముందు కూర్చున్నప్పుడు ఒక కన్ను మూసి చూడండి. సాంబారు వచ్చేలోపు చాలు.