తంతి మార్గానికి బాట వేసిన శామ్యూల్ మోర్స్

తంతి వార్తా విధానాన్ని లోకానికి అందించినవారిలో అగ్రగణ్యుడు శామ్యూల్ మోర్స్. ఆయన 1791 ఏప్రిల్ 27న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, చార్లెస్‌టౌన్‌లో జన్మించారు. తండ్రి క్రైస్తవ మత బోధకుడు. యేల్ కళాశాలలో 1810లో పట్టం పొందిన మోర్స్, పిదప లండన్ వెళ్లి చిత్రలేఖనం అభ్యసించారు. నలభయ్యో యేడు దాటేవరకు ఆయన వృత్తి చిత్రకళయే.

1825 ఫిబ్రవరిలో ఒక ప్రముఖుని చిత్రం గీయడానికి ఆయన వాషింగ్టన్‌లో ఉన్నారు. సుమారు మూడు వందల మైళ్ల దూరాన న్యూ హేవెన్‌లో, ప్రసవమైన కొద్ది వారాలకే భార్య లుక్రీషియా ఫిబ్రవరి 7న కన్నుమూశారు. ఆ కబురు ఉత్తరం ద్వారా చేరేసరికి రోజులు గడిచాయి. మోర్స్ ఇల్లు చేరేనాటికి ఆమె ఖననం ముగిసిపోయింది. కడసారి చూపు కూడా దక్కలేదు.

1832లో ఐరోపా నుండి ఓడలో తిరిగి వస్తుండగా తోటి ప్రయాణికులు విద్యుదయస్కాంతం గురించి ముచ్చటించుకున్నారు. తీగ వెంట విద్యుత్తును పంపి వార్తను చేరవేయవచ్చునన్న తలంపు మోర్స్‌కు అక్కడ కలిగింది. న్యూయార్క్ చేరి పరికరం నిర్మించారు గాని, సంకేతం కొద్ది దూరానికే క్షీణించిపోయేది. రసాయనశాస్త్ర ఆచార్యుడు లియొనార్డ్ గేల్, శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ పరిశోధనలను ఆయనకు వివరించి దారి చూపారు. ఆల్‌ఫ్రెడ్ వేల్ అనే యువకుడు యంత్రాన్ని మెరుగుపరచారు.

దూరాన్ని జయించిన ఉపాయం పేరు రిలే. బలహీనపడిన విద్యుత్తు కాగితంపై గుర్తు వేయలేకపోయినా, తేలికైన ఒక మీటను కదిలించగలదు. ఆ మీట, సొంత బ్యాటరీ గల మరో తీగవలయాన్ని మూస్తుంది. అదే వార్త కొత్త బలంతో ముందుకు సాగుతుంది. వార్తకు వాడిన లిపి చుక్కలు, గీతలతో కూడినది. ఆంగ్లంలో తరచుగా వచ్చే 'ఇ' అక్షరానికి ఒకే చుక్క, అరుదైన అక్షరాలకు పొడవైన గుర్తులు. అందువల్ల కాలం ఆదా అయింది.

1843లో అమెరికా ప్రభుత్వం 30,000 డాలర్లు మంజూరు చేసింది. మొదట తీగలను భూమిలో పాతగా పని చెడింది. పిమ్మట స్తంభాలపై లాగారు. 1844 మే 24న వాషింగ్టన్ నుండి సుమారు నలభై మైళ్ల బాల్టిమోర్‌కు వార్త క్షణాల్లో చేరింది.

ఆయన జీవితంలో మచ్చలూ ఉన్నాయి. బానిసత్వాన్ని సమర్థించారు. వలస వచ్చినవారిని ద్వేషించారు. తనకు దారి చూపిన హెన్రీకి చెందవలసిన గౌరవాన్ని 1855లో అచ్చులోనే నిరాకరించారు. 1872 ఏప్రిల్ 2న న్యూయార్క్‌లో మరణించారు.

మన దేశంలో తంతి సేవ 2013 జులైలో ముగిసింది. అయినా నడుమ నిలిచి వార్తను అందించే రిలే సూత్రం నిస్తంత్రీ ప్రసారంలో జీవించే ఉంది. కొండకు ఇరువైపులా రెండు ఊళ్లున్నాయనుకోండి. నేరుగా సంకేతం అందదు. కొండపై ఒక కేంద్రం ఉంది. ఒక ఊరు 5 అనే అంకెను, మరొకటి 3ను పంపాలి. పాత పద్ధతిలో ఒక్కొక్క వార్తకు రెండేసి చొప్పున నాలుగు ప్రసారాలు కావాలి. కేంద్రం రెండింటినీ కూడి 8 అని ఒక్కసారి చాటితే మూడే చాలును. ఎవరి అంకె వారికి తెలుసు గనుక, తీసివేస్తే ఎదుటివారిది దొరుకుతుంది. ఇదే నెట్‌వర్క్ కోడింగ్. 2000లో నలుగురు శాస్త్రవేత్తలు దీనికి సిద్ధాంత రూపం కల్పించారు.

మోర్స్ రిలే వార్తను విన్నది విన్నట్లే అందించింది. నేటి రిలే ఇద్దరి మాటనూ కలిపి మోస్తుంది. రెండింటికీ ఆధారం నడిమివాని సాయమే. తన యంత్రంలో ఆ సాయానికి చోటిచ్చిన మోర్స్, తన జీవితంలో హెన్రీ సాయాన్ని ఒప్పుకోలేకపోయారు.